దిగని సీటు

రాజవీరు గురువుకు ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న వేస్తే చేతిలో ఉన్న పని అయ్యేదాకా మాట్లాడేవాడు కాదు. అయ్యాక కూడా చాలాసార్లు మాట్లాడకుండా ఇంకో పని అందుకునేవాడు. అడిగినవాడు కూర్చుని కూర్చుని, ఆ పనిలోనే ఏదో చూసి లేచిపోయేవాడు. లేదంటే ఏమీ చూడక విసుక్కుని పోయేవాడు. ఆయనకు రెండూ సమ్మతమే.

ఆయనది మఠం కాదు, పరకాల రోడ్డు మీద సైకిళ్లు బాగుచేసే రేకుల కొట్టం. నలభై ఏళ్లు అందులోనే పంక్చర్లు వేశాడు. ఆదివారం పొద్దున పది పన్నెండు ఊళ్ల నుంచి మనుషులు వచ్చి ఆ నూనె మరకల నేల మీదే కూర్చునేవారు. ఆయనకు గద్దె అంటూ లేదు. మూలన నాలుగు పాత టైర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన గోనెసంచి పరుచుకుని దానిమీద కూర్చునేవాడు. లేచినప్పుడు ఒక్కోసారి అందులోంచి ఒక టైరు లాగి ఎవరి సైకిలుకో వేసి పంపేవాడు కూడా.

ఆ ఏడు వానలు వెనకబట్టేసరికి ఆయన ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయని డాక్టర్లు తేల్చారు. ఇంకెన్నాళ్లో వాళ్లు చెప్పలేదు. మందుల చీటీ మాత్రం చిన్నదైంది. దాన్ని చూసి అందరికీ అర్థమైంది.

శిష్యుల్లో ఓదెలు అనే అతను కరెంటాఫీసులో లైన్‌మన్. నలభై దాటాయి. పదిహేనేళ్లుగా ఒక్క ఆదివారం తప్పలేదు. గురువు చెప్పిన మాటలన్నీ అతనికి నోటికి వచ్చు. ఏ మాట తరువాత గురువు ఎంతసేపు ఆగుతాడో అదీ వచ్చు. ఈమధ్య దగ్గడం కూడా ఆయనలాగే దగ్గుతున్నాడని ఓదెలు భార్య కొమురమ్మ కనిపెట్టింది. "ఆయనకైతే రోగమున్నది, దగ్గుతుండు. నీకేమొచ్చింది?" అని అడిగింది. ఓదెలు కోపంగా చెప్పులేసుకుని బయటికి పోయాడు.

ఒక ఆదివారం అందరూ వెళ్లాక ఓదెలు ఆగిపోయాడు. గురువు ఒక చక్రానికి పుల్లలు బిగిస్తున్నాడు.

"అయ్యా, మీ తర్వాత నన్నే కూసోమంటున్నరు అందరు," అన్నాడు ఓదెలు. "మీరు చెప్పింది చెప్పినట్టు చెప్త. ఒక్క మాట పోనియ్య. గంతే చాలదా?"

గురువు పుల్లలు బిగించాడు. చక్రాన్ని తిప్పి వంకర ఉందేమో చూశాడు, మళ్లీ బిగించాడు. చక్రం నిలిచాక ఆయాసం తీర్చుకుని, "నువ్వు రేసు సైకిలు కొంటున్నవట గద," అన్నాడు.

నిజమే. గురువు మంచి వయసులో సైకిలు మీద ఊరూరూ తిరిగి మనుషులను కలిసేవాడు. ఆయన స్థానంలో కూర్చునేవాడు అలాగే తిరగాలని ఓదెలు అనుకున్నాడు. మోటారుసైకిలు మీద పోతే అది గురువు దారి కాదు. మామూలు సైకిలు మీద అన్ని ఊళ్లూ తిరగడానికి అతనికి బలం లేదు, పైగా షుగరు. వంకర హ్యాండిలుండే రేసు సైకిలు తేలికగా పోతుందని ఆఫీసులో ఎవరో చెప్పారు. కొత్తది అందుబాటులో లేదు. హనుమకొండలో ఒక పెద్దమనిషి తనది అమ్ముతున్నాడని తెలిసింది.

"అవునయ్యా. బేస్తవారం నాడు చూడ పోవాలె."

"నేనూ వస్త," అన్నాడు గురువు.

ఆ ఒంటితో ఆయన ఎందుకు బయలుదేరాడని తరువాత చాలామంది చాలా రకాలుగా చెప్పారు. ఆ సైకిలు సైకిలు కాదు, మనసు అని అర్థాలు తీసినవాళ్లూ ఉన్నారు. అది సైకిలే. నీలం రంగుది.

అమ్మే మనిషి పేరు సారంగపాణి. కోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. ఆరడుగుల పైన రెండంగుళాల మనిషి. ఆరు నెలల కింద పక్షవాతం వచ్చి కుడికాలు పట్టు తప్పింది. ఆయన భార్య అరుంధతి వరండాలోంచి సైకిలు నడిపించుకొచ్చి గోడకు ఆనించింది. సారంగపాణి ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో సైకిలు సీటు పట్టుకుని నిలబడ్డాడు. గురువు వరండా మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుంటున్నాడు.

ఓదెలుకు ఇటువంటి సైకిళ్లు కొత్త. ఏమేం చూడాలో పదిమందినీ అడిగి ఒక కాగితం మీద రాసుకొచ్చాడు. చక్రాలు తిప్పి చూశాడు. గొలుసు సాగిందేమోనని లాగి చూశాడు. టైర్ల పగుళ్లు, బ్రేకు రబ్బర్లు, గేర్లు చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని ఫ్రేము కింద రంగు చిట్లిందేమోనని వేలితో తడిమాడు. ఒక్కొక్కటీ అయ్యాక కాగితం మీద గీత కొట్టాడు.

"ఫ్రేము నీకు సరిపోతది," అన్నాడు గురువు మెట్టు మీంచి. "సీటే నాలుగు వేళ్లు దిగాలె."

సారంగపాణి తన చేయి కొద్దిగా జరిపి సీటు కింది గొట్టం చూపించాడు. అది ఫ్రేములోకి దిగేచోట సూదితో గీసినట్టు సన్నని గీత ఉంది. "ఇది చూడు తమ్ముడూ. తొమ్మిదేండ్ల కింద నా కాలి కొలత తీయించి పెట్టిన గీత. అప్పటిసంది ఇప్పటిదాక ఇంత కదలలే."

"ఒక్కసారన్న దింపలేదా సార్?"

"ఎందుకు దింపుత? ఎవ్వరినీ ఎక్కనిస్తేగా?"

"మనుమడు పొర్లి ఏడ్చిండు," అంది అరుంధతి. "పిల్లగాడని కూడ చూడలే. గా సీటు మీద ఉన్న పాణం ఇంట్ల ఎవ్వరి మీదన్న ఉంటే బాగుండు." ఆమె నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

ఇంత పదిలంగా వాడుకున్న మనిషి సైకిలు మంచిదే అయ్యుంటుందని ఓదెలు అనుకున్నాడు. కాగితంలో రెండే మిగిలాయి. 'ఎందుకు అమ్ముతున్నారు' అన్నది ఒకటి. కర్ర వంక చూసి దాన్ని అడగకుండానే కొట్టేశాడు. రెండోది, బోల్టు వదులు చేసి సీటు పైకీ కిందికీ జరిపి చూడడం. పానా జేబులోనే ఉంది. కానీ పెద్దాయన చేయి సీటు మీద ఉంది. ఆ చేయి తీయమని అడిగి, తొమ్మిదేళ్ల గీతను ఆయన కళ్లముందే కిందికి దించడానికి ఓదెలుకు మొహమాటం అడ్డొచ్చింది. ఇంటికి పోయాక దింపుకోవచ్చు, ఇంతలోకే ఏం పోతుంది అనుకుని దానిమీదా గీత కొట్టాడు.

"అన్నీ చూసినవా?" అని గురువు అడిగాడు.

"చూసినయ్యా."

"అన్నీ?"

"అన్నీ."

గురువు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. బేరం పెద్దగా జరగలేదు. సైకిలు గేటు దాటుతుంటే సారంగపాణి, "పైలంగ తొక్కు తమ్ముడూ," అన్నాడు. సైకిలు వెళ్లిపోయాక కూడా ఆయన చేయి, సీటు ఉన్న ఎత్తులోనే కాసేపు గాలిలో ఉండిపోయింది.

ఇంటికి వచ్చి ఓదెలు బోల్టు వదులు చేశాడు. సీటు దిగలేదు. కూర్చుని అదిమాడు. నూనె పోసి ఒక రాత్రి ఉంచాడు, వేడినీళ్లు పోశాడు, చెక్క పెట్టి సుత్తితో కొట్టాడు. సీటు ఇటు తిరగలేదు, అటు తిరగలేదు. ఇది చెబితే, అన్నీ చూశానన్న మాట అబద్ధమవుతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. అలాగే తొక్కసాగాడు.

కాలి బొటనవేళ్లు మాత్రమే పెడలుకు అందేవి. తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగేది. వారం తిరక్కుండానే మోకాళ్ల వెనక నరాలు గుంజాయి. అయినా తప్పు సీటుది అనుకోలేదు. "సారు దీనిమీదనే తొమ్మిదేండ్లు తొక్కిండు. నాకు రావట్లేదంటే లోపం నాదే," అనుకున్నాడు. ఊరూరా గురువు మాటలు చెప్పాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. విన్నవాళ్లు దండం పెట్టారు, ఎవరూ ఏమీ అడగలేదు. గురువు దగ్గరైతే తగవులాడినంత పనిచేసేవాళ్లు.

మూడో వారం, కల్లు కాంపౌండు ముందు బర్రెలు అడ్డం వచ్చాయి. ఓదెలు బ్రేకు వేశాడు. కాలు నేలకు అందలేదు. సైకిలుతో సహా పక్కకు ఒరిగి, ఎడమచేతి మీద పడ్డాడు. మణికట్టు ఎముక విరిగింది. అక్కడున్న ఒక ముసలాయన లేపి కూర్చోబెట్టి, సైకిలును ఎగాదిగా చూశాడు.

"ఎవనిది బిడ్డా గీ సైకిలు?"

"నాదే."

"నీదైతే కాలు నేలకెందుకందది?" అన్నాడు ముసలాయన.

కట్టు కట్టిన చేత్తో ఓదెలు సైకిలును గురువు కొట్టానికి నడిపించుకొచ్చాడు. అప్పటికి గురువు మంచానికి చేరాడు. టైర్ల మీద కూర్చునే శక్తి లేదు. ఆయన కూర్చోవడం లేదని శిష్యులు ఆ టైర్లను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టారు. గోనెసంచి తీసేసి జరీ గుడ్డ కప్పారు. ఎవరూ తాకకుండా చుట్టూ తాడు కట్టారు. గురువు మంచం మీంచి రోజంతా దాన్నే చూస్తూ ఉన్నాడు.

"దిగలేదా?" అన్నాడు ఓదెలును చూసి.

"దిగలేదయ్యా."

"దిగదు."

పదిహేనేళ్లలో మొదటిసారి ఓదెలుకు గురువు మీద కోపం వచ్చింది. "మీకు ఆనాడే ఎరుకనా? ఎరుకుండి చెప్పలేదా? చెయ్యి ఇరగ్గొట్టుకున్న. నెల రోజులు స్తంభమెక్కనియ్యరు."

"అన్నీ చూసిన అన్నవ్," అన్నాడు గురువు. కాసేపు దగ్గాడు. "చెమట బిడ్డా. తొమ్మిదేండ్ల చెమట కారి కారి లోపలికి దిగింది. గొట్టం, ఫ్రేము రెండూ పట్టుకున్నయ్. ఆయన పాడుచేద్దామని చెయ్యలే. పాణంగా చూసుకున్నడు, కదపలే. అందుకే పట్టింది. ఇగ నూనెకు రాదు. కొయ్యాలె."

"సారు గీత పెట్టుకున్న గొట్టమయ్యా. కొయ్యబుద్ధి అయితలేదు."

"అయితే ఆయనకే ఇచ్చి రా. తొక్కుతడా?"

ఓదెలు ఇనుము కోసే ఆక్సాబ్లేడు అందుకున్నాడు. గురువు మంచం మీదే పక్కకు ఒరిగి, రెండు చేతులతో ఫ్రేము పట్టుకున్నాడు.  ఓదెలు ఒంటిచేత్తో కోశాడు. మధ్యాహ్నానికి గొట్టం తెగి సీటు కింద పడింది. మిగిలిన మొండి ముక్క ఫ్రేము లోపల ఇంకా బిగిసే ఉంది. అసలు పని అప్పుడే మొదలైంది.

బ్లేడుకు గుడ్డ చుట్టి, దాన్ని గొట్టం లోపలికి దించి, నిలువునా కోసుకుంటూ పోవాలి. రెండు పొరలు ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. లోపలిది పూర్తిగా తెగాలి. బయటిదానికి గాటు పడితే సైకిలు పాత ఇనుము సామానుకు పోతుంది.

"ఏడిదాక కొయ్యాల్నో ఎట్ల తెలుస్తదయ్యా? కండ్లకు కనబడదు."

"చప్పుడు మారుతది. విను."

"మారకముందు ఆపితే?"

"పట్టుకునే ఉంటది."

"మారినంక ఆపితే?"

"అప్పుడు నాదగ్గర కూడ మందు లేదు," అన్నాడు గురువు.

మూడు ఆదివారాలు పట్టింది. సత్సంగం జరగలేదు. వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడి, అయ్య ఆఖరి రోజుల్లో ఏమన్నా చెబుతాడంటే ఈ ఇనుము రాపిడి ఏమిటని గొణుక్కుని పోయారు. ఓదెలు కొద్దిగా కోసేవాడు, ఆపేవాడు, చెవి పెట్టేవాడు. గురువు కళ్లు మూసుకుని వినేవాడు. చప్పుడు మారిందని ఆయన ఒక్కసారీ చెప్పలేదు. మూడో ఆదివారం చప్పుడు మారింది. ఓదెలు చేయి దానంతట అదే ఆగింది. పట్టుకారుతో పట్టి తిప్పితే గొట్టం లోపలికి ముడుచుకుని, తెల్లని పొడి రాలుస్తూ బయటికి వచ్చింది. ఫ్రేముకు గాటు పడలేదు.

కొత్త సీటు బిగించుకున్నాక, కోసిన సీటును ఓదెలు గుడ్డలో చుట్టుకుని హనుమకొండ పోయాడు. సారంగపాణి దాన్ని ఒళ్లో పెట్టుకుని గీత కోసం వెతికాడు. గీత సరిగ్గా కోత పడ్డచోటే ఉండేది, ఇప్పుడు లేదు. కోత అంచును బొటనవేలితో తడిమాడు. "కాలు అందుతున్నదా?" అన్నాడు చివరికి.

"అందుతున్నది సార్."

"మంచిది," అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అరుంధతి ఓదెలును గేటు దాకా సాగనంపి లోపలికి పోయింది.

తిరిగి వచ్చేసరికి గురువు ఇంకా క్షీణించాడు. కొత్త గొట్టానికి గ్రీజు పూసి బిగించిన సైకిలును మంచం దగ్గరికి తెచ్చి చూపించాడు ఓదెలు. గురువు వేలు పెట్టి గ్రీజు ఉందో లేదో చూశాడు. "ఏడాదికోపాలి తీసి మల్ల పెట్టు. లేకుంటే నీది కూడ గిట్లనే పడ్తది," అన్నాడు.

ఓదెలు నేలమీద కూర్చున్నాడు. వాకిట్లో ఎవరో అగరుబత్తి వెలిగించి, మూలనున్న టైర్లకు మొక్కి వెళ్లారు.

"అయ్యా, ఆనాడు నేనడిగింది అడిగినట్టే ఉన్నది," అన్నాడు.

గురువు చేతిలో ఆ రోజు ఏ పనీ లేదు. మూలన పసుపు రాసిన టైర్ల వంక, వాటిమీది జరీ గుడ్డ వంక కాసేపు చూశాడు.

"ఆక్సాబ్లేడు ఏడ పెట్టినవ్?" అని అడిగాడు.

"డబ్బాల పెట్టినయ్యా. అరిగిపోయింది. పారేద్దామనుకుంటున్న."

"పారెయ్యకు. సాన పట్టించు," అన్నాడు గురువు. "నేను పోయినంక పని పడ్తది."