పసుపుముద్ద కొండ

అనగనగా కొండకి ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు. ఇవతలి ఊరికి తొందరయ్య అని ఒక రాజు. ఎంత తొందరంటే, విస్తరి వేయకముందే అన్నం కలపబోయేవాడు. అప్పుడే నవ్వుతారేంటర్రా! ముందు ఊ కొట్టండి.

రాజుగారి చిన్నకొడుకు బుచ్చిబాబుకి అవతలి ఊరి కనకవల్లితో పెళ్ళి కుదిరింది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. పిల్ల తండ్రి మాత్రం మహా మొండిఘటం. మధ్యాహ్నం ముహూర్తం దాటిందా, పిల్లని మేనబావకిచ్చి చేసేస్తానన్నాడు. దారికి పటం గీయించి పంపాడు. నీలం ఏరు, ఆకుపచ్చ అడవి, ఎరుపు బాట, గోధుమరంగు గీతలు కొండ ఎత్తు అని మూలన రాయించాడు కూడా. తొందరయ్య మూల చూస్తాడా? చూడడు.

ఎర్రగీత ఒక్కటే, అదీ చుట్టుతిరుగుడు, ఈ గోధుమరంగు బాటలు చూడండి, ఎన్ని ఒక్కచోట గుంపుగా ఉన్నాయో, ఇటే పదండి అన్నాడు. పెద్దకోడలు నాంచారమ్మ కొండ ఊరి పిల్ల. అవి బాటలు కావండీ అనబోయింది. అత్తగారు ఉరిమి చూసింది. పాపం, నాంచారమ్మ వెనక్కి తగ్గింది. మన ఇంట్లో మాత్రం ఈ ముసలిదాని మాట ఎవరు వింటున్నారు గనక!

ఏరు రాగానే రాణిగారు ఒకటే గొడవ. పటంలో నీలంగా ఉందిగా, తన తెల్లపట్టుచీరకి రంగంటుకుంటుందిట! చీర మెడదాకా చుట్టుకుని పల్లకీలో ముడుచుకు కూర్చుంది.

ఊ కొడుతున్నారా? తీరా వెళితే బాటల్లేవు. గోడలాంటి కొండ. ఏనుగు ఆగింది. ఏనుగు ఆగితే గుర్రం ఆగింది, గుర్రం ఆగితే పల్లకీ ఆగింది, పల్లకీ ఆగితే సన్నాయి ఆగింది, సన్నాయి ఆగితే బుచ్చిబాబు ఏడుపు మొదలైంది. వెనక్కి తిరిగి ఎర్రబాట పట్టే వేళ లేదు.

మరిది కన్నీళ్ళు చూసి నాంచారమ్మ ఇక ఊరుకోలేకపోయింది. పసుపు తడిపి కొండలా ముద్ద చేసింది, ఒక పక్క నిలువుగా, ఒక పక్క వాలుగా. గిన్నెలో పెట్టి కాసిని నీళ్ళు పోసి, నీళ్ళు తాకినచోట చుట్టూ కుంకుమగీత పెట్టింది. ఇంకాసిని నీళ్ళు, ఇంకో గీత. ఇంకాసిని నీళ్ళు, ఇంకో గీత. ఇప్పుడు పైనించి చూడండి మావయ్యగారూ, పటంలో గోధుమరంగు గీతలూ ఇవే అంది.

నిలువు పక్క గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. వాలు పక్క ఎడంఎడంగా ఉన్నాయి. గీతలు ఇరుకైతే కోతులకే దారి, ఎడంఎడంగా ఉంటే ఈ ముసలిదాని మోకాళ్ళక్కూడా దారే!

తొందరయ్య మొదటిసారి నిదానంగా పటం చూశాడు. ఎడంఎడంగా ఉన్న గీతలు వాళ్ళు ఆగిన చోటికి పక్కనే ఉన్నాయి! ఇక పరుగో పరుగు. ఆ పరుగులో పసుపుగిన్నె కాస్తా రాణిగారి మీద ఒలికింది. మేనబావ ఒక కాలు పీట మీద పెట్టాడో లేదో, బుచ్చిబాబు వెళ్ళి చతికిలబడ్డాడు. గట్టిమేళం! కనకవల్లి నవ్వూ ఏడుపూ ఒక్కసారే. మేనబావ హమ్మయ్య అనుకుని నేరుగా భోజనాల బంతిలోకి పోయాడు.

పసుపుచీరతో వచ్చిన వియ్యపురాలు ఎంత లక్షణంగా ఉందో అన్నారు ఆడపెళ్ళివారు. మా నాంచారి సలహా అంది రాణిగారు, గొప్పగా!

భోజనాల్లో అందరూ తింటున్నారు, తొందరయ్య తినడే! అన్నంరాశి చుట్టూ వేలితో గీతలు పెట్టుకుంటూ, అమ్మాయ్ నాంచారీ, ఎటునించి మొదలెట్టమంటావు అని అడిగాడుట.

మరేం లేదర్రా, మూలన రాసింది చదివాకే అడుగెయ్యాలి. కథ కొండ దిగి కంచికి పోయింది, మనం దుప్పట్లోకి పోదాం.