బతికున్న నాయకుడి వీరగల్లు

శత్రువుల చేతిలో పడ్డ పుణ్యక్షేత్రాన్ని విడిపిస్తానని దండుతో వెళ్లిన గండమ నాయకుడు మూడేళ్లకు తిరిగొచ్చాడు. రాగానే శిల్పి కేతోజును పిలిపించాడు.

“యుద్ధంలో చనిపోయిన వీరులకు వీరగల్లు నిలబెడతారుగా, నాకూ ఒకటి చెక్కు. నా అంతటివాడు చచ్చేదాకా ఆగాలా? పౌర్ణమికి అది నీ జొన్నచేలో నిలవాలి. ఆపైన ఆ చేను రాతిదే, నువ్వు దున్నడానికి లేదు.”

కేతోజుకు ఉన్నదల్లా ఆ చేనే. అయినా ఉలి పట్టాడు.

పౌర్ణమినాడు నాయకుడు ఊరందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. చేనిగట్టున ఇంకా నిలబెట్టని రాతి కింది సగంలో గుర్రమెక్కి కత్తి దూసిన తన బొమ్మ ఉంది. పై సగం బోసిగా ఉంది.

“పైన ఏమీ చెక్కలేదేం?”

“అక్కడ అప్సరసలు తమర్ని స్వర్గానికి తీసుకుపోతుండాలి దొరా. అది చెక్కకపోతే తమరికి స్వర్గం దొరకనట్టు, చెక్కితే తమరు పోయినట్టు. ఎప్పుడు బయల్దేరతారో సెలవిస్తే ఆ పూటే పూర్తిచేస్తాను.”

నాయకుడు రాతి దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. “తొందరేం లేదు. నేను పోయాకే నిలబెట్టు. అందాకా చేను నువ్వే దున్నుకో.”

“తమరు నూరేళ్లు బతకాలని రోజూ దణ్ణం పెట్టుకుంటాను దొరా,” అన్నాడు కేతోజు.

ఆ ఊళ్లో నాయకుడికి మనస్ఫూర్తిగా ఆయుష్షు కోరినవాడు అతనొక్కడే.