పుట్టనివాళ్ళ రాయి

అనగనగా, మనుషుల అడుగు పడని ఒక అడవిలో, కొండ కింద చిన్న జంతువుల గూడెం ఒకటి ఉండేది. ఆ గూడేనికి పెద్ద పోలమ్మ అనే ముసలి కుందేలు.

అక్కడ ఒక ఆచారం ఉంది, పిల్లలూ. ఏటా వానలకు ముందు అందరూ కూర్చుని, ఆ ఏడు చేయాల్సిన పనులు మాట్లాడుకునేవారు. మధ్యలో ఒక రాయిని మాత్రం ఖాళీగా వదిలేవారు. అది ఇంకా పుట్టనివాళ్ళది. ఏ పని అనుకున్నా పోలమ్మ ఆ రాయి వైపు తిరిగి, "సరేనా?" అని అడిగేది. ఎదురుగా ఉన్న గుహ కూడా "సరేనా" అని పలికేది. ఆ పలుకు వినిపించాకే పని మొదలు.

ఆ ఏడు పందికొక్కు బొద్దయ్య లేచాడు. "పోలమ్మత్తా, ఊట పైన వాలులో మట్టి మెత్తన. అక్కడ తవ్వితే నాలుగు రోజుల్లో అందరికీ కొత్త బొరియలు."

"ఆ వాలు మీది గడ్డి వేళ్ళే కదరా మట్టిని పట్టి ఉంచింది," అన్నాడు ఉడుము తాత. "అది జారితే ఊట పూడిపోతుంది. తాగడానికి మనకున్నది అదొక్కటే."

"నీకేం తాతా, రాతి సందు చాలు. కడుపుతో ఉన్న పిల్ల ఈ పాత బొరియల చెమ్మలో పడుకోవాలా?" అన్నాడు బొద్దయ్య.

ఆ పిల్ల పోలమ్మ కూతురే. తల్లి వైపే చూస్తోంది.

పోలమ్మ రాయి వైపు తిరిగింది. "సరేనా?"

గుహ పలకలేదు.

మళ్ళీ అడిగింది. గాలి ఆగిపోయింది. పురుగు చప్పుడు కూడా లేదు.

మూడోసారి గొంతెత్తి అడిగింది. మాట గుహలోకి వెళ్ళింది. తిరిగి రాలేదు.

"గుహకు జలుబు చేసినట్టుంది," అన్నాడు బొద్దయ్య. అందరూ నవ్వారు.

పోలమ్మ నవ్వలేదు. కానీ కూతురి కడుపు వైపు చూసింది. "తవ్వండి," అంది.

తవ్వారు. బొరియలు వెచ్చగా ఉన్నాయి. మొదటి పెద్ద వానకు వాలు మూలిగి, జారడం మొదలుపెట్టింది. అందరూ బయటికి ఉరికి ప్రాణాలు దక్కించుకున్నారు. వాన వెలిశాక చూస్తే, ఊట ఉన్నచోట మట్టిదిబ్బ. ఎంత తోడినా తడి తగల్లేదు. గుంటల్లో వాననీళ్ళు ఇంకిపోయాయి. ఇక గూడెం వదిలిపోక తప్పలేదు.

బయలుదేరే ముందు, అలవాటు కొద్దీ అందరూ రాయి చుట్టూ చేరారు. పోలమ్మ ఇంకా నోరు తెరవలేదు.

ఈసారి గుహే అడిగింది, సన్నని పసిగొంతుతో.

"సరేనా?"

ఒక్కరూ పలకలేదు. కూతురు బరువుగా ముందు నడిచింది. పోలమ్మ వెనక్కి తిరిగి చూసింది. రాయి ఖాళీగానే ఉంది. ఆ పుట్టనివాళ్ళు ఇక ఇక్కడ పుట్టరు; అది ఎప్పటికీ ఖాళీయే.

నీతి: పుట్టబోయేవాళ్ళ పేరు చెప్పి, వాళ్ళు బతకాల్సిన నేలను మనం పాడుచేయరాదు.