నిండు చెంబు

తెనాలిలో నాట్యం నేర్పే దక్షిణామూర్తి మాస్టారు పేరుకు తగ్గ మనిషి. ఆ దేవుడు మౌనంతోనే బోధించాడంటారు. ఈయన మౌనంగా ఉండేవారు కాదు గానీ, ఎవరైనా ప్రశ్న అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. "అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. నేనెందుకు లోకువవ్వాలీ?" అని నవ్వేసి ఇత్తడి పళ్ళేలు తోమమనేవారు. తోముతుండగా కొందరికి జవాబు దొరికేది. దొరకని రోజున పళ్ళేలైనా మెరిసేవి.

చారుమతి అడిగిన ప్రశ్న పళ్ళేలు తోమితే తీరేది కాదు.

"అది తొడుక్కున్నా నా వెన్ను తిన్నగా అవదట మాస్టారూ. డాక్టరుగారే చెప్పారు. అవనప్పుడు ఎందుకు తొడుక్కోవాలి?" అంది ఆ పదమూడేళ్ళ పిల్ల, కళ్ళనిండా నీళ్ళతో.

అది అంటే బ్రేసు. చంకల కిందనుంచి తుంటిదాకా ఒంటిని బిగించి పట్టుకునే గట్టి ప్లాస్టిక్ తొడుగు. అది ఆ పిల్ల ఒంటిమీదికి రావడానికి ముందు కొంత కథ నడిచింది. చారుమతి నాట్యం దుస్తుల్లో నిలబడితే ముందువైపు కుచ్చిళ్ళ విసనకర్ర ఒక పక్కకు ఒరిగేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సాకులు చెప్పొద్దని పిల్లల్ని మందలించే మాస్టారే, ఆ వంకరకు దర్జీని తిట్టారు. అతను విప్పి కుట్టాడు. మళ్ళీ ఒరిగింది. మళ్ళీ తిట్టారు. ఒకరోజు పాఠం మొదలుపెడుతూ పిల్లలంతా వంగి భూమికి నమస్కారం చేస్తున్న వేళకు ఆయన వాయించే తాళాల కోసం వాళ్ళ వెనక్కి వెళ్ళారు. ఎప్పుడూ ఎదురుగా కూర్చునే మనిషి కదా, ఆ పిల్ల వంగిన వీపును వెనకనుంచి చూడటం అదే మొదటిసారి. కుడివైపు ఎత్తుగా లేచి ఉంది. ఆ సాయంత్రమే తల్లి పద్మజను పిలిపించి, ఎముకల డాక్టరుకు చూపించమన్నారు.

డాక్టరుగారు ఎక్స్‌రే చూపించి ఓపిగ్గా చెప్పారు. "వెన్ను పక్కకు వంగుతోందమ్మా, వంగుతూ కొంచెం మెలి తిరుగుతోంది. స్కోలియోసిస్ అంటారు. బడిసంచీ మోసినందుకు రాలేదు, సరిగ్గా కూర్చోనందుకు రాలేదు. చాలామందిలో ఎందుకొస్తుందో మాకూ తెలీదు. మిమ్మల్నీ పిల్లనీ తిట్టుకోకండి." సరిగ్గా కూర్చోవే అని ఏళ్ళ తరబడి కూతుర్ని కసిరిన పద్మజ, అక్కడే దాన్ని దగ్గరికి తీసుకుని ఏడ్చేసింది. ఎదుగుతున్నన్నాళ్ళూ వంపు పెరుగుతుందనీ, బ్రేసు ఉన్న వంపును తీసెయ్యదనీ, పెరగకుండా పట్టి ఉంచుతుందనీ, మరీ పెరిగితే ఆపరేషన్ చేసి వెన్నుకు కడ్డీలు వెయ్యాల్సి రావచ్చనీ ఆయన చెప్పారు. స్నానానికీ నాట్యానికీ తప్ప రాత్రీ పగలూ ఒంటిమీదే ఉండాలన్నారు.

ఇన్ని మాటల్లోనూ చారుమతి చెవికెక్కింది ఒక్కటే, నాట్యానికి తియ్యొచ్చని. ఇక చూడాలి ఆ పిల్ల భక్తి! అందరికంటే ముందు వచ్చేది, అందరూ వెళ్ళాకే కదిలేది. వస్తూనే బ్రేసు విప్పి గుడ్డసంచీలో పెట్టేది. "శ్రద్ధంటే అలా ఉండాలర్రా" అని మాస్టారు తక్కినవాళ్ళకు చూపించేవారు. చూపించినప్పుడల్లా చారుమతి తలొంచుకునేది. దాన్ని కూడా ఆయన వినయమే అనుకున్నారు, పాపం.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం పద్మజ అరటిపళ్ళ అత్తం పట్టుకొచ్చింది. "మీ రుణం తీర్చుకోలేం మాస్టారూ. రోజూ దీపాలు పెట్టేదాకా కూర్చోబెట్టి నేర్పుతున్నారట."

మాస్టారు అయిదింటికల్లా పాఠం ముగించి తాళాలు కింద పెట్టేసే మనిషి. ఆయన చూపు మేకుకు వేలాడుతున్న గుడ్డసంచీ మీదికి వెళ్ళింది. అక్కణ్ణుంచి తలుపు పక్కన బిగుసుకుపోయిన చారుమతి మీదికి వచ్చింది. "మీ పిల్ల శ్రమపడుతోందమ్మా" అన్నారు, అంతే. పద్మజ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. తనను అమ్మకు పట్టివ్వనందుకు చారుమతికి ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. పడలేదు. సాయంత్రాలు పాఠం అయ్యాక స్నేహితురాలి ఇంట్లో బ్రేసు తొడుక్కోకుండా సంచీ పక్కన పెట్టుకు కూర్చుంటున్న సంగతంతా చెప్పేసి, చివర ఆ ప్రశ్న అడిగింది.

మాస్టారు జవాబు చెప్పలేదు. "చెంబు తీసుకురా" అన్నారు.

తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుమీద పాదాలు పెట్టి, తలమీద నీళ్ళ చెంబుతో ఆడాలి. చారుమతి అప్పటిదాకా ఖాళీ చెంబుతోనే సాధన చేసింది. ఆ రోజు మాస్టారు తన చేత్తో అంచుదాకా నీళ్ళు నింపి తలమీద పెట్టారు. పాఠానికి వచ్చిన పిల్లలు చుట్టూ చేరారు. తాళం మొదలైంది. పళ్ళెం నేలను గీస్తూ కదిలింది. ఆ పిల్లకు ఊపిరి తీసుకోవాలన్నా భయమే. మెడ లాగేసింది, పిక్కలు వణికాయి, చెంబు మాత్రం వణకలేదు. గది ఆ చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి పిల్లలు చప్పట్లతో హోరెత్తించారు.

మాస్టారు చెంబు దించి లోపలికి తొంగిచూశారు. "నీళ్ళెన్ని పెరిగాయే?"

"పెరగడమేంటి మాస్టారూ! మీరు పోసినన్నే ఉన్నాయి."

"అన్నే ఉంటే వీళ్ళెందుకు చప్పట్లు కొట్టారూ?"

చారుమతి చెంబులోకి తొంగిచూసింది. మాస్టారు ఆ నీళ్ళు తీసుకెళ్ళి కనకాంబరాల కుండీలో పోశారు. ఆయన తిరిగి వచ్చేసరికి మేకుకు సంచీ ఖాళీగా వేలాడుతోంది. ఒక పెద్దమ్మాయి చారుమతి వెనక నిలబడి బ్రేసు పట్టీలు బిగిస్తోంది.

ఆ తర్వాత ఎండాకాలం ఉక్కలో చెమట పొక్కులు లేచాయి, బడిలో ఎవరో తాబేలన్నారు, ఆ పిల్ల రెండుసార్లు ఏడ్చింది. అయిదింటికి మాత్రం పట్టీలు తనే బిగించుకునేది. వానలు పడ్డాక తీసిన ఎక్స్‌రేను డాక్టరుగారు పాతదాని పక్కన పెట్టి చూశారు. "అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే" అన్నారు.

పద్మజ ముఖం వాడిపోయింది. "ఇంత అవస్థపడ్డా ఏమీ తగ్గలేదా?"

"ఒక్క చుక్క ఒలకలేదమ్మా!" అంది చారుమతి, తల్లిని చుట్టేసుకుని. పిల్ల ఏమంటోందో పద్మజకు అర్థం కాలేదు గానీ, ఆ ముఖంలో సంతోషం చూశాక తనకూ గుండె తేలికైంది. డాక్టరుగారికి మనసారా దణ్ణం పెట్టింది.

అక్కణ్ణుంచి చారుమతి నేరుగా మాస్టారింటికి పరుగెత్తింది. "మీరు చూడకపోతే నా వెన్ను సంగతి ఎవరికీ తెలిసేది కాదు మాస్టారూ" అంటూ, బ్రేసుతో నడుము వంగక మోకాళ్ళమీద కూర్చుని పాదాలు అందుకుంది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. సంబరంలో ఆ పిల్ల చెయ్యి బ్రేసు పట్టీ విప్పబోవడం చూసి, ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

"అప్పుడే దిగకమ్మా" అన్నారు. "ఇంకా పళ్ళెం మీదే ఉన్నావు."