నక్క పారేసిన కొస పోగులు

చింతలకోన అడవిలో ఏనుగులు, జింకలు, కుందేళ్లు, కోతులు ఉండేవి. అక్కడి ఆడ ఉడుతలు అడవి పత్తి వడికి దుప్పట్లు నేసేవి. చలికాలంలో ఆ దుప్పటి లేని గూడు ఉండేది కాదు.

మగ్గాలు మాత్రం పాపారాయుడు అనే నక్కవి. నేసిన దుప్పట్లన్నీ అతనే పట్టుకుపోయి, సంతలో "రాయుడి దుప్పట్లు!" అని అరిచి అమ్మేవాడు. ఉడుతలకు పుచ్చు వేరుశనక్కాయలు పడేసేవాడు.

ఒకరోజు ఉడుతల పెద్ద రవణమ్మ అడిగింది. "రాయుడు గారూ, ఈసారి మా సరుకు మేమే అమ్ముకుంటాం. మీ మగ్గాలకు అద్దె ఇస్తాం."

నక్క పళ్లికిలించాడు. "సంతలో మీరా? ఏనుగు బేరానికొస్తే దాని కాలి కింద వెతుక్కోవాలి మిమ్మల్ని!"

"ఆ పుచ్చు కాయలు తినే కన్నా అదే నయం," అంది రవణమ్మ కోడలు నాంచారి.

నక్కకు ఒళ్లు మండింది. మగ్గాల మీదున్న బట్టంతా కోసుకున్నాడు. వెనకున్న నూలూ కోసుకున్నాడు. మధ్యలో నూలు పోగులు దూర్చే, దువ్వెనలాంటి సన్నని పళ్ల వెదురు అచ్చులు మిగిలాయి. వాటికి కొస పోగులు వేలాడుతున్నాయి.

"ఈ చెత్తతో పాటు మీరూ పొండి! కోతులతో నేయిస్తాను," అని అచ్చులు పెరికి బయట పారేశాడు.

నాంచారికి ఏడుపొచ్చింది. "చలి వచ్చేస్తోంది అత్తా. మగ్గం లేదు, గింజ లేదు. పిల్లలకేం పెడతాం?"

రవణమ్మ ఒక అచ్చు ఎత్తి దులిపింది. "ఏడుపు తర్వాత. పోగులు జారకుండా పట్టుకో. మగ్గమంటే కర్రలే కదా, అడవిలో కర్రలకేం కరువు?"

నేతలో ఒక పద్ధతి ఉంది. బట్ట అయిపోయినా అచ్చులోని కొస పోగులు తీయరు. కొత్త నూలును ఒక్కో పోగుగా వాటికే అతుకుతారు; మళ్లీ పళ్లలోకి ఎక్కించే పని ఉండదు. ఏనాడూ మగ్గం దగ్గర కూర్చోని నక్కకు ఆ సంగతి తెలియదు.

ఉడుతలు కర్రలు పాతాయి. కొమ్మలు కట్టాయి. వేళ్లకు బూడిద రాసుకుని, కొత్తగా వడికిన నూలును ఆ కొస పోగులకు మెలితిప్పి అతికాయి. మళ్లీ నేత మొదలైంది.

అక్కడ నక్క కొత్త అచ్చులు తెప్పించాడు. పళ్లలోకి నూలు ఎలా ఎక్కించాలో ఏ కోతికీ తెలియలేదు. చిక్కు మీద చిక్కు పడింది.

"అయ్యా, నేత మాట తర్వాత, ముందు ఇందులోంచి నా తోక తీయించండి!" అని ఒక కోతి మొత్తుకుంది.

సంత రోజు ఉడుతలు తమ దుప్పట్లు పరిచాయి. ముసలి ఏనుగు ఒకటి తొండంతో తడిమి చూసింది.

"అచ్చం రాయుడి దుప్పటిలా ఉందే!"

"కాదమ్మా," అంది రవణమ్మ తల ఎత్తి. "ఇన్నాళ్లూ రాయుడిదనుకున్న దుప్పటే మాది."

మధ్యాహ్నానికి సరుకంతా అయిపోయింది. ఉడుతల బుట్టల్లో మంచి గింజలు నిండాయి.

నక్క చలికి వణుకుతూ వచ్చాడు. "రవణమ్మా, జరిగిందేదో జరిగింది. టేకు మగ్గాలు ఖాళీగా ఉన్నాయి. వచ్చి నేయండి."

"నేయడానికి రాము. అమ్ముతానంటే కొంటాం," అంది రవణమ్మ. "కర్రల ధరకు."

నక్క ధర పెంచమని బతిమాలాడు. చివరికి అమ్మాడు.

నీతి: పని తెలిసిన చేతులే అసలు ఆస్తి. ఆ చేతులు చేసిన సరుకుకు వెల కట్టే హక్కూ వాటిదే.