తీసుకున్నామని చెప్పనివాళ్లు

"బ్యాకప్ అయిపోయినట్టు రోజూ పొద్దున్నే పచ్చగుర్తు కనిపిస్తోంది. మరి ఈ లాగ్ ఫైళ్లు ఎందుకు పోవడం లేదు గురువుగారూ? చేత్తో తుడిచేస్తే ఏం?" అని దమయంతి అడిగింది.

గురువుగారంటే కూర్మారావుగారు. రిజర్వాయరు కింద మునగబోయే ఊళ్ల కోసం పెట్టిన పునరావాస కార్యాలయంలో ఆయన మెయిల్ సర్వరు చూసుకుంటారు. ప్రశ్న అడగ్గానే జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాళ్లను ఆ ప్రశ్నతోనే కొన్నాళ్లు ఉండనిస్తారు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి డిగ్రీ ముగించి వచ్చిన అమ్మాయి దమయంతి.

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. వచ్చే పోయే ప్రతి మెయిలునూ సర్వరు ముందు లాగ్ ఫైళ్లలో రాసుకుంటుంది. బ్యాకప్ వాటన్నిటికీ నకలు తీసుకున్నాక సర్వరు పాత లాగులను తనే చెరిపేసుకుంటుంది. ఇక్కడ నకళ్లు సక్రమంగానే ఉన్నాయి, లాగులు మాత్రం కుప్పపడుతున్నాయి. డిస్కు నిండితే కార్యాలయానికి మెయిళ్లు ఆగిపోతాయి. కూర్మారావుగారు కొత్త డిస్కు తేవడానికి విశాఖ బయల్దేరుతూ ఒక్క మాట అన్నారు.

"తుడవడానికి నిమిషం చాలు. అది ఎందుకు పట్టుకుని కూర్చుందో ముందు కనుక్కో."

ఆ కార్యాలయం గోడ మీద 'ప్రజలే ప్రభువులు' అని నీలం రంగుతో రాసి ఉంటుంది. ప్రభువులు కూర్చోవడానికి బెంచీ మాత్రం లేదు. సోమవారం అర్జీల రోజు. ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు వరండాలో నిలబడి, పోగొట్టుకున్నదేమిటో కిటికీలోంచి చెప్పుకోవాలి. భూమికి ఒక ధర, ఇంటికి ఒక ధర, మామిడిచెట్టుకు ఒక ధర కట్టినవాళ్లు పైడమ్మ అనే ముసలమ్మ అడిగినదానికి ధర కట్టలేక దాన్ని అర్జీగానే లెక్కపెట్టలేదు. జ్వరంతో పోయిన ఆమె కొడుకును ఊరి చివర పాతిపెట్టారు. ఊరు ఖాళీ చేయించి కంచె వేశాక లోపలికి పోవాలంటే కార్యాలయం అనుమతి కావాలి. ఆమె కోరిందల్లా ఆ అనుమతి కాగితమే.

ఆ ఊరి బడిపంతులు ఆమె తరఫున మెయిలు పంపాడు. అది అందింది, ముద్ర పడింది, నకలు పైకార్యాలయానికీ వెళ్లింది. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అందుకని పైడమ్మ ప్రతి సోమవారం వచ్చి మొదటినుంచీ చెప్పేది, ఒక్క మాటైనా తగ్గించకుండా. గుమస్తా చిట్టిబాబు ఆమెను చూడగానే, "రేడియో వచ్చిందండీ, ఇక వార్తలు మొదలు" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆమె గొంతు తలుపు సందులోంచి లోపలికి వినిపించినప్పుడల్లా ప్రత్యేకాధికారి, ఆ ముసలమ్మ సంగతేదో చూడండయ్యా అనేవారు. ఎవరూ చూసేవారు కాదు. అయినా ఆ మాట వారానికోసారి బతికేది.

గురువుగారు లేని ఆ సోమవారం పైడమ్మ కిటికీ దగ్గరకు వచ్చింది.

"నా గుంటడ్ని అక్కడే ఒగ్గీసి వచ్చినాను తల్లీ. నీరు రాకముందే ఎముకలైనా ఏరుకుని తెచ్చుకుంటాను. ఒక్క పూట లోపలికి పోనియ్యండి."

చిట్టిబాబు నవ్వు దమయంతికి ఒళ్లు మండించింది. ఎండలో నిలబడిన మనిషిని చూసి మనసు కరిగింది. బయటికి వచ్చి, పైడమ్మ చేయి పట్టుకుని చెప్పింది. అర్జీ తమ దగ్గర భద్రంగా ఉందని, ఒకచోట కాదు రెండుచోట్ల ఉందని, ఇంత దూరం నడిచి రానక్కర్లేదని.

"అయితే అయిపోయినట్టేనా తల్లీ?" అంది పైడమ్మ.

"అయిపోయినట్టే అమ్మా."

పైడమ్మ దండం పెట్టి వెళ్లిపోయింది. లోపల ఎవరికీ ఏమీ వినిపించలేదు.

ఆ వారంలోనే దమయంతికి లాగుల సంగతి తెలిసింది. ఆమెకు ముందు పనిచేసినవాడెవడో బ్యాకప్‌ను ఒట్టి నకలు తీసే పద్ధతిలో పెట్టి వెళ్లాడు. అది అన్నీ తీసుకుంటుంది కానీ, తీసుకున్నానని సర్వరుకు చెప్పదు. ఆ మాట అందేదాకా సర్వరు ఒక్క ఫైలునూ వదలదు. దమయంతి పద్ధతి మార్చింది. మర్నాడు పొద్దున చూస్తే పాత లాగులన్నీ వాటంతటవే వెళ్లిపోయాయి. కూర్మారావుగారు తిరిగి వచ్చిన సోమవారం ఆమె ఈ సంగతి సంబరంగా చెప్పింది. ఆయన తల ఊపారు. తర్వాత వరండా వైపు చూసి, పైడమ్మ గొంతు వినపడలేదేం అని అడిగారు.

తను ఏం చెప్పి పంపిందో దమయంతి దాచకుండా చెప్పింది. చెబుతూ ఉండగానే ఆమె ముఖం మారిపోయింది. కూర్మారావుగారు లేచి ప్రత్యేకాధికారి గదిలోకి వెళ్లారు. వెంటనే బయటికి వచ్చారు. మంత్రిగారి వీలును బట్టి రిజర్వాయరు నింపే ముహూర్తం ముందుకు జరిగిందట. నిన్ననే గేట్లు దించేశారట. అధికారికి నిజంగానే బాధ కలిగింది. పోయిన సోమవారం ఆ ముసలమ్మ గొంతు వినపడలేదు, పని అయిపోయిందనుకున్నాను, ఎవరైనా గుర్తుచేసి ఉంటే జీపు ఇచ్చి పంపేవాణ్ణి కదా అన్నారట.

ఒక జీపు, ఒక పూట, ఒక సంతకం. అభివృద్ధికి త్యాగం తప్పదని సభల్లో చెప్పినవాళ్లలో ఎవరూ తమ పిల్లల ఎముకల్ని ఇచ్చినట్టు నేను వినలేదు. ఇవ్వనివాళ్ల మీద కోపం తెచ్చుకోవడం నాకు తేలికే. ఎండలో చేయి పట్టుకుని మంచిమాట చెప్పి పంపిన అమ్మాయి మీద ఏం తెచ్చుకోవాలో ఇప్పటికీ తెలియదు.

మరుసటి సోమవారం పైడమ్మ మళ్లీ వచ్చింది. నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసే వచ్చింది. కిటికీ ముందు నిలబడి, నా గుంటడ్ని అక్కడే ఒగ్గీసి వచ్చినాను తల్లీ అని మొదటినుంచీ మొదలుపెట్టింది. చిట్టిబాబు తల దించుకున్నాడు.

దమయంతి గురువుగారి వైపు తిరిగింది. ఊరే లేదిప్పుడు, విని తను చేయగలిగిందీ లేదు. వెళ్లి కాళ్లు పట్టుకుని క్షమించమని అడగనా అంది.

"అడిగితే ఆవిడ సరే అనేస్తుంది, మళ్లీ అయిపోయినట్టే" అన్నారు కూర్మారావుగారు. "ముందు వినమ్మా, ఆఖరి మాట దాకా."