గెలాక్సీ చుట్టూ గీత

నాగరత్న తన పని చెడగొడుతోందని ఇలియాస్‌కి గట్టి అనుమానం.

నక్షత్రం పేలిపోతే దాన్ని సూపర్నోవా అంటారు. అలాంటి పేలుళ్లు జరిగిన గెలాక్సీల వెలుగును కొలవడమే మూడేళ్లుగా అతని పని. ఎక్కువ వెలుగున్న గెలాక్సీల్లోనే పెద్ద పేలుళ్లు జరుగుతాయని తేల్చాడు. ఆ కొలతలు సరిచూడ్డానికి ఆర్నెల్ల కిందట నాగరత్న వచ్చింది. ఆమె కొలిస్తే ఆ గెలాక్సీలు అంత వెలుగుగా తేలలేదు. మూడేళ్ల కష్టం నీరుగారిపోయేలా ఉంది.

అప్పట్నుంచి అతనికి కుదురు లేదు. ఆమె ఫోన్లో ఎవరితో మాట్లాడుతోందో చెవి ఒగ్గి వినేవాడు. కంప్యూటర్ పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చాడు. ఆమె నవ్వుతూ పలకరించినా, ఎందుకు నవ్విందా అని సాయంత్రం దాకా ఆలోచించేవాడు.

చివరికి ఒక మధ్యాహ్నం గురువు తాయారమ్మగారి గదికి వెళ్లాడు.

"వచ్చే వారం పంపే పరిశోధనా పత్రంలోంచి ఆమె పేరు తీసేయండి మేడమ్. కొలతలు కూడా. కావాలనే తగ్గిస్తోంది."

"ఎందుకు తగ్గిస్తుంది?"

"అదే అంతుపట్టడం లేదు. ఎవరో వెనకుండి చేయిస్తున్నారు."

తాయారమ్మగారు వాదించలేదు. కంప్యూటర్ తెర అతని వైపు తిప్పారు. ఒక గెలాక్సీ బొమ్మ. పేలుడు వెలుగంతా చల్లారాక తీసింది. బొమ్మ పైనున్న పేరు కనిపించకుండా కాగితం ముక్క అంటించారు.

"దీన్ని కొలిచి చూపించు."

గెలాక్సీకి గట్టంటూ ఉండదు. నడిమి వెలుగు అంచులకు పోయేకొద్దీ పలచబడి చీకట్లో కలిసిపోతుంది. ఎక్కడిదాకా దాని వెలుగో కంటితో చూసి చుట్టూ గీత గీయాలి. గీత లోపలిదే లెక్కకొస్తుంది.

ఇలియాస్ మౌస్ పట్టుకున్నాడు. గీతను బయటికి జరిపాడు. లోపలికి లాగాడు. మళ్లీ బయటికి.

"ఇందులో పేలింది పెద్దదా, చిన్నదా మేడమ్?"

"ఎందుకు?"

"గీత ఎక్కడ..." అంటూ ఆగిపోయాడు.

ఆవిడ అతని ముఖంలోకి చూసి మెల్లగా అడిగారు. "ఏ గెలాక్సీలో పెద్దది పేలిందో, ఆ జాబితా నాగరత్న దగ్గరుందా?"

"లేదు మేడమ్. ఆమెని నమ్మలేక నేనే ఇవ్వలేదు."

ఆ మాట తన చెవికే వినిపించింది. ఆ జాబితా చూసుకుని గీతలు గీసింది తనొక్కడే.

తాయారమ్మగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"ఊఁ, ఇప్పుడు గియ్యి," అన్నారు.